డిస్క్ అరుగుదలలో జన్యువుల వాటా ఎంత?

నమస్కారం. నడుము ఎంఆర్‌ఐ రిపోర్టులో డిస్క్, అంటే వెన్నుపూసల మధ్య ఉండే మెత్త, అరిగిందన్న మాట చూడగానే చాలామంది తాము ఎత్తిన బరువులను, కూర్చున్న గంటలను తప్పుపడతారు. ఆ లెక్కలో తల్లిదండ్రుల నుంచి వచ్చిన వాటా ఎంతో ఈ వీడియోలో చూద్దాం.

ముందుగా తెరపై ఉన్న స్కాన్‌ను గమనించండి. ఇది నడుమును పక్క నుంచి చూపే చిత్రం. ఇందులో నీరున్న చోటు తెల్లగా కనిపిస్తుంది. పై మూడు డిస్కుల నడిభాగం తెల్లగా మెరుస్తోంది, నాలుగోది బూడిదరంగుకు తిరిగింది, అయిదోది నల్లబడి ఎత్తు కూడా తగ్గింది. ఆ నలుపు నీరు తగ్గిందనడానికి గుర్తు. డిస్కులో నీటిని పట్టి ఉంచేది ఆగ్రికాన్ అనే ప్రోటీన్. సీసాలు కడిగే బ్రష్షుకు కుచ్చులున్నట్టు దీనికి చక్కెర గొలుసులుంటాయి, వాటి రుణావేశమే నీటిని లోపలికి లాగుతుంది. పెద్దవారి డిస్కులోకి రక్తనాళాలు దాదాపు చొరబడవు కాబట్టి, ఒకసారి దెబ్బతిన్న కణజాలం మరమ్మతు కావడం చాలా కష్టం.

ఇక కవలల సంగతికి వద్దాం. 1995లో ఫిన్లాండ్‌లో 115 జతల సమరూప కవల (ఒకే జన్యువులున్న కవల) పురుషుల వెన్నును స్కాన్ చేసి పోల్చారు. నడుము పైభాగపు డిస్కులలో మనిషికీ మనిషికీ కనిపించిన తేడాలో శారీరక శ్రమ వివరించగలిగింది 7 శాతమే. వయసును, ఒకే కుటుంబం కావడం వల్ల వచ్చిన పోలికను కూడా కలిపితే అది 77 శాతానికి చేరింది. అడుగు రెండు డిస్కులలో మాత్రం అన్నీ కలిపినా 43 శాతం దాటలేదు. నా దృష్టిలో ఈ 43 శాతం అంకెకు రావలసినంత ప్రచారం రాలేదు, ఎందుకంటే ఎక్కువగా ఇబ్బంది పెట్టేవి ఆ అడుగు డిస్కులే. 1999లో బ్రిటన్, ఆస్ట్రేలియా కవలలపై జరిగిన అధ్యయనం నడుము డిస్కుల అరుగుదలకు వంశపారంపర్యతను 74 శాతంగా లెక్కగట్టింది.

ఈ 74 శాతాన్ని అపార్థం చేసుకోవడం తేలిక. మీ డిస్కులో ముప్పావు వంతు జన్యువుల వల్లే పాడైందని దీని అర్థం కాదు. ఒక జనసమూహంలో మనుషుల మధ్య ఉన్న తేడాలో ఎంత భాగం జన్యు భేదాలతో ముడిపడి ఉందో మాత్రమే ఇది చెబుతుంది. పొగతాగే అలవాటులో తేడా ఉన్న సమరూప కవలలను 1991లో పోల్చినప్పుడు, పొగతాగేవారి నడుము డిస్కులలో అరుగుదల సగటున 18 శాతం ఎక్కువగా కనిపించింది. అంటే జన్యువులు ఒకటే అయినా డిస్కులు ఒకేలా లేవు.

ఏ జన్యువులు అన్న ప్రశ్నకు ఒక్క పేరుతో జవాబు దొరకదు. 1998లో విటమిన్-డి గ్రాహకపు (కణంలో ఆ విటమిన్‌ను అందుకునే ప్రోటీన్) జన్యువుకు, డిస్క్ అరుగుదలకు సంబంధం కనిపించింది. మరుసటి ఏడాది జపాన్ యువతులలో ఆగ్రికాన్ జన్యువు పొట్టి రూపం అరుగుదలతో కలిసి కనిపించింది. అది పొట్టిదైతే ఆ చక్కెర గొలుసులు తగులుకునే చోట్లు తగ్గుతాయి కనుక ఈ ఫలితం అర్థవంతమే. అదే ఏడాది ఫిన్లాండ్ డిస్క్ రోగులలో, కణజాలానికి బలమిచ్చే కొల్లాజెన్ అనే ప్రోటీన్ తొమ్మిదో రకంలో ఒకే ఒక అమైనో ఆమ్లం (ప్రోటీన్ గొలుసులోని ఒక పూస) మారి, దాని చోట ట్రిప్టోఫాన్ అనే మరో అమైనో ఆమ్లం రావడాన్ని గుర్తించారు. ఈ మార్పు ఫిన్లాండ్ రోగులలో అరుదు, దక్షిణ చైనా ప్రజలలో మాత్రం తరచుగా కనిపిస్తుంది. అందుకే ఒక దేశపు ఫలితాన్ని మరో దేశానికి యథాతథంగా అన్వయించకూడదు.

మరి జన్యు పరీక్ష చేయించుకోవాలా? మామూలు డిస్క్ అరుగుదలకు అది చికిత్సను మార్చదు. పైగా అరుగుదల, నొప్పి ఒకటి కావు: నొప్పి లేనివారి స్కాన్లను సమీక్షించి 2015లో వెలువరించిన లెక్క ప్రకారం ఇరవై ఏళ్లవారిలో 37 శాతానికి, ఎనభై ఏళ్లవారిలో 96 శాతానికి డిస్క్ అరుగుదల ఉంది. డాక్టరును కలిసినప్పుడు ఇంట్లో ఎవరికి, ఏ వయసులో డిస్క్ సమస్య వచ్చిందో, ఎవరికి ఆపరేషన్ జరిగిందో చెప్పండి. జన్యువుల గురించి ప్రస్తుతానికి పనికొచ్చే సమాచారం అదే.