టేకు అని అడగకండి, చేవ చూపించమనండి

నమస్కారం. ముందుగా నా చేతిలో ఉన్న ఈ ముక్క చూడండి. పెరట్లో వేసుకుందామని నేనే చేసిన బల్ల తాలూకు కోడు ఇది. పైభాగంలో వార్నిష్ ఇంకా మెరుస్తోంది. కింద నాలుగంగుళాలు మాత్రం, ఇదిగో, వేలితో నొక్కితే నానిన అటుకుల్లా నలుగుతోంది. టేకు అన్నారు, టేకు ధరే ఇచ్చాను. రెండు వానాకాలాలకే ఈ గతి పట్టింది.

అమ్మినాయన అబద్ధం చెప్పలేదు. అది నిజంగా టేకే. నేనే టేకా కాదా అని అడిగి ఊరుకున్నాను, చేవ ఎంత ఉందో చూసుకోలేదు.

మనిషిని పట్టుకుని చేవ ఉన్నవాడు, చేవ చచ్చినవాడు అంటుంటాం కదా. ఆ చేవ చెట్టులోదే. దుంగను అడ్డంగా కోస్తే మధ్యలో ముదురు రంగు, దాని చుట్టూ బెరడు దాకా పాలిపోయిన తెల్లచెక్క కనబడతాయి. చెట్టు బతికున్నప్పుడు వేళ్ల నుంచి నీళ్లు పైకి వెళ్లేది ఈ తెల్లచెక్కలోంచే. చెట్టు దాచుకున్న పిండిపదార్థం కూడా అందులోనే ఉంటుంది. అంటే చెదపురుగుకూ బూజుకూ అది వడ్డించిన విస్తరి. చెట్టుకు వయసు వచ్చేకొద్దీ లోపలి చెక్క నీళ్లు మోయడం మానేస్తుంది, దానిలో నూనెలు, వగరు పదార్థాలు చేరతాయి. అదే చేవ. టేకు చేవను చెద అంత తేలిగ్గా ముట్టదు. టేకు తెల్లచెక్కకు ఆ రక్షణ లేదు, ఎండకూ వానకూ వదిలేస్తే అది కూడా మామూలు చెక్కలాగే పుచ్చిపోతుంది.

అందుకే అడితికి వెళ్లినప్పుడు బర్మాదా, ఘానాదా, ఈక్వడార్‌దా అన్న చర్చలో ఎక్కువసేపు గడపకండి. ఎక్కడ పెరిగినా, తోటలో వేసి లేతగా ఉండగానే నరికిన చెట్టులో తెల్లచెక్క పాలు ఎక్కువ. పలక పైముఖం కాదు, కొన చూడండి. కోత మిల్లులో రంపం అడ్డంగా తెగ్గోసిన ముఖం మీద అంచు పాలిపోయి ఉంటే అది తెల్లచెక్క. అంచులకు గోధుమరంగు పూసి కప్పేవాళ్లూ ఉంటారు. జేబులో చిన్న చాకు పెట్టుకుని వెళ్లి ఒక మూల గీకండి. అసలు చేవైతే లోపల కూడా అదే రంగు ఉంటుంది, కొంచెం జిడ్డుగా తగులుతుంది, పాత తోలు సంచి వాసన వస్తుంది. చాకు తీస్తే కోప్పడే అడితిలో కొనకపోవడమే మేలు.

టేకు భరించలేం అన్నవాళ్లకు నా మొదటి మాట నల్లమద్ది. బరువు, గట్టిదనం రెండూ ఉన్న చెక్క. ఎన్నో ఇళ్లలో గుమ్మాలకు దీన్నే వాడారు. ఒక చిక్కుంది, సరిగ్గా ఆరకముందే పని మొదలుపెడితే నిలువునా పగుళ్లు ఇస్తుంది. నల్లతుమ్మ సంగతి వేరే చెప్పాలా? బండిచక్రానికీ నాగలికీ తరతరాలుగా అదే. బురదలో నానుతూ ఎండలో ఎండుతూ పనిచేసిన చెక్కకు మీ పెరటి బల్ల ఒక లెక్క కాదు. కాకపోతే పొడవైన తిన్నని పలకలు దొరకడం కష్టం, చిత్రిక పట్టే వడ్రంగి విసుక్కుంటాడు కూడా. కోళ్లకు తుమ్మ, పైన కూర్చునే పలకలకు మద్ది వేస్తే నాకు నచ్చుతుంది. వేప చేదు కాబట్టి పురుగు రాదనే నమ్మకంతో చాలామంది అడుగుతున్నారు. చేవదేరిన వేప పరవాలేదు, వరండాలో నీడపట్టున వేసుకోండి. మామిడి, రబ్బరు చెక్క బయటికి వద్దే వద్దు. ఎర్రచందనం గురించి కూడా ఒకరు అడిగారు. అయ్యా, బల్ల మీద కూర్చోవాలని ఉందా, కోర్టు మెట్ల మీద కూర్చోవాలని ఉందా?

ఇప్పుడు ఇనుప మేకు గురించి. తుమ్మ చెక్కలో మామూలు మేకు కొట్టి వానకు వదిలేస్తే దాని చుట్టూ సిరా ఒలికినట్టు నల్లమచ్చ పడుతుంది. శ్రీకాళహస్తి కలంకారీలో నల్లగీత పుట్టేది ఇలాగే. కరక్కాయ పట్టించిన గుడ్డ మీద, ఇనుపముక్కలూ బెల్లమూ కలిపి ఊరబెట్టిన నీళ్లతో గీస్తారు. కరక్కాయ వగరూ ఇనుమూ కలిసి నలుపవుతాయి. గుడ్డ మీద అది అందం. బల్ల మీద మాత్రం మచ్చ, పైగా మేకు కూడా తుప్పుపట్టి వదులవుతుంది. కాబట్టి స్టెయిన్‌లెస్ స్టీలు మరలు వాడండి. సముద్రం దగ్గర ఉండేవాళ్లకు ఇది మరీ ముఖ్యం.

మళ్లీ నా కోడు దగ్గరికి వద్దాం. కుళ్లింది కింద నాలుగంగుళాలే, పైన కాదు. ఎందుకని? చెక్క కొన అంటే గొట్టాల మూతులన్నీ తెరుచుకున్న చోటు. తడిమట్టిలో నిలబెడితే దీపం వత్తి నూనె పీల్చినట్టు నీళ్లు పీలుస్తుంది. చెక్కలో తేమ సుమారు 20 శాతం దాటి అలాగే నిలిచిపోతే కుళ్లబెట్టే బూజుకు దారి దొరికినట్టే. పాత మండువా ఇళ్లలో చెక్క స్తంభం ఎప్పుడైనా నేల మీద నేరుగా ఆనడం చూశారా? కింద రాతిదిమ్మ ఉంటుంది. నేను ఆ ఇళ్లలో ఆడుకుని పెరిగాను, ఆ రాళ్ల మీద కూర్చుని మామిడికాయలు తిన్నాను. అవి ఎందుకున్నాయో ఒక్కసారీ ఆలోచించలేదు. ఇప్పుడు ప్రతి కోడు కిందా ఒక బండముక్క పెడుతున్నాను. పై పలకల మధ్య చిటికెనవేలి గోరు పట్టేంత సందు వదులుతున్నాను, నీళ్లు నిలవకుండా.

వార్నిష్ గురించి పోట్లాటలు వద్దు. ఎండకు అది పగులుతుంది, పగులులోంచి నీళ్లు దిగుతాయి, దిగినవి బయటికి రావు. నూనె పట్టించి ఏటా మళ్లీ తుడవడం నా పద్ధతి. అసలేమీ పూయకపోతే టేకు బూడిదరంగుకు తిరుగుతుంది, అది పైపై మార్పే, భయపడకండి.

అమెరికా నుంచి చూస్తున్నవాళ్లు మద్ది కోసం వెతుక్కోనక్కర్లేదు. అక్కడ సెడార్ ఉంది, వైట్ ఓక్ ఉంది. వైట్ ఓక్ చేవలో నీటి గొట్టాలు పూడుకుపోయి ఉంటాయి, అందుకే దానితో మద్యం పీపాలు చేస్తారు. రెడ్ ఓక్‌లో అవి తెరిచే ఉంటాయి. పేరులో ఓక్ ఉంది కదా అని తెచ్చి బయట వేయకండి.

ఇంతకీ కొత్త బల్ల దేనితో చేస్తున్నానంటే, పాత ఇల్లు పడగొట్టిన చోట కొన్న టేకు దూలంతో. ఏళ్ల తరబడి ఇంటి కప్పు కింద ఆరిన చెక్క, కొన చూస్తే అంచు దాకా చేవే. కెమెరా కొంచెం దగ్గరికి తీసుకురండి. ఇదిగో, ఈ రంగు. కొత్త పలకల్లో ఇంత చిక్కటి రంగు నాకు ఈ ఏడాది ఒక్కచోట కూడా కనబడలేదు. చిత్రిక పట్టే ముందు అయస్కాంతంతో దూలం అంతా తడమాలి, లేకపోతే లోపల విరిగిన పాత మేకు తగిలి చిత్రిక పదును పోతుంది. ఇప్పటికి పదకొండు మేకులు తీశాను. అయస్కాంతం ఇంకా ఇక్కడ, ఈ ముడి పక్కన, అంటుకుంటూనే ఉంది.