కంపెనీ తప్పు చేస్తే ఎవర్నడగాలి? జాన్ రగ్గీ అనే ప్రొఫెసర్ కథ

నమస్కారం అండీ. అంతర్జాతీయ సంస్థల మీద రీసెర్చ్ అనగానే రేడియో కట్టేయకండి, ఇది విశాఖపట్నం దాకా వచ్చే కథ.

జాన్ రగ్గీ 1944లో ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో పుట్టాడు, తర్వాత వాళ్ళ కుటుంబం కెనడా వెళ్ళిపోయింది, పీహెచ్‌డీ అమెరికాలోని బర్క్‌లీలో చేసి కొలంబియా, హార్వర్డ్ యూనివర్సిటీల్లో పాఠాలు చెప్పాడు. జీవితమంతా ఆయన పట్టుకున్న ప్రశ్న ఒకటే. ఐక్యరాజ్యసమితి లాంటివాటికి పోలీసు లేడు, జైలు లేదు, మరి దేశాలు వాటి మాట ఎందుకు వింటాయి, ఎప్పుడు వినవు? 1982లో రాసిన ఒక వ్యాసంతో బాగా పేరొచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పెద్ద దేశాలు వ్యాపారానికి తలుపులు తీశాయి గానీ, ఆ దెబ్బ సొంత జనానికి తగలకుండా చూసుకునే వీలు కూడా అట్టిపెట్టుకున్నాయి అన్నాడు. అంటే మనూళ్ళో చెరువు తూము ఎత్తినట్టే, నీళ్ళు రావాలి, కానీ మన మడి గట్టు తెగకూడదు.

1997లో అప్పటి ఐక్యరాజ్యసమితి సెక్రటరీ జనరల్ కోఫీ అన్నన్ ఈయన్ని ఐక్యరాజ్యసమితికే పిలిచాడు. ఇన్నాళ్ళూ బయట నుంచి చూసి రాసిన ఆఫీసులోనే కుర్చీ అన్నమాట, అందరు ప్రొఫెసర్లకీ దొరికేది కాదు అది. 2001 దాకా అక్కడే ఉన్నాడు, కంపెనీలు బాధ్యతగా నడుచుకుంటామని మాటిచ్చే గ్లోబల్ కాంపాక్ట్ అనే కార్యక్రమంలో ఈయన చెయ్యి చాలానే ఉంది.

అసలు పని 2005లో మొదలైంది. అంతర్జాతీయ చట్టం ప్రధానంగా దేశాల మధ్య వ్యవహారం కదా, మరి హెడ్డాఫీసు ఒక దేశంలో, ఫ్యాక్టరీ ఇంకో దేశంలో ఉన్న కంపెనీ వల్ల జనం నష్టపోతే ఎవర్ని పట్టుకోవాలి? 2003లో కంపెనీల బాధ్యతల మీద ఐక్యరాజ్యసమితిలో ఒక ముసాయిదా వచ్చింది, హక్కుల సంఘాలు బావుందన్నాయి, కంపెనీలు ఒప్పుకోలేదు, ప్రభుత్వాలూ పక్కన పెట్టేశాయి. అప్పుడు అన్నన్ రగ్గీకి అప్పజెప్పాడు, రెండేళ్ళ పని అనుకున్నది ఆరేళ్ళు పట్టింది. ఆయన ఆ పాత ముసాయిదాని అతికించే పని పెట్టుకోలేదు, ఖండం ఖండం తిరిగి 50కి దగ్గరగా మీటింగులు పెట్టాడు, పెరూలో బంగారు గని ఉన్న కాహమార్కాకి వెళ్ళి అక్కడి జనం గోడు విన్నాడు.

చివరికి తేల్చింది మూడు మాటలు: జనాన్ని కాపాడటం ప్రభుత్వం పని, హక్కులకి అడ్డం రాకుండా నడుచుకోవడం కంపెనీ పని, నష్టపోయినవాళ్ళకి న్యాయం దొరికే దారి ఉండాలి. వీటి కింద 31 సూత్రాలు. 2011 జూన్ 16న ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి ఓటింగ్ లేకుండానే ఆమోదించింది, ఆ తీర్మానం పెట్టిన ఐదు దేశాల్లో మనదీ ఒకటి.

పళ్ళు లేని పులి అని తిట్టినవాళ్ళూ ఉన్నారు, నిజమే, ఇవి చట్టం కాదు. కానీ ఫ్రాన్స్ 2017లో, జర్మనీ 2021లో ఇదే దారిలో చట్టాలు చేశాయి, మన షేర్ మార్కెట్‌ని అదుపులో పెట్టే సెబీ కూడా 2022-23 నుంచి టాప్ 1000 లిస్టెడ్ కంపెనీల్ని ఇలాంటి విషయాల మీద రిపోర్టు ఇమ్మంది. నాకు మాత్రం మూడో మాట దగ్గరే అనుమానం. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్ఆర్ వెంకటాపురంలో స్టైరీన్ గ్యాస్ లీకై 12 మంది పోయారు, ఆ ఫ్యాక్టరీ యజమాని కంపెనీ ఉన్నది దక్షిణ కొరియాలో. రిపోర్టులో ఎన్ని పేజీలుంటే ఏంటి, ఆ ఊరివాళ్ళు ఏ తలుపు తట్టాలి?

కంపెనీల్ని చట్టపరంగా కట్టడి చేసే అంతర్జాతీయ ఒప్పందమే కావాలని 2014లో ఈక్వడార్, దక్షిణాఫ్రికా పట్టుబట్టాయి. ఒక్క ఒప్పందంలో ఇదంతా ఇమడదని రగ్గీ అనేవాడు. ఆయన 2021 సెప్టెంబరులో పోయాడు, ఆ ఒప్పందం మీద జెనీవాలో మీటింగులు ఆ తర్వాత కూడా నడుస్తూనే ఉన్నాయి.