మరియమ్మ ముఖంలో ఆ దిగులు ఎందుకు?

(తెర మీద: పిట్టను పట్టుకున్న చిన్న చేతులు. కాసేపు అవే ఉండాలి. తర్వాత మెల్లగా వెనక్కి వస్తూ మొత్తం చిత్రం.)

నమస్కారం. ముందు ఈ చేతులు చూడండి. ఒక పిల్లవాడు పిట్టను పట్టుకుని ముందుకు చాపుతున్నాడు. ఇంకో పిల్లవాడు దాని తల నిమురుతున్నాడు. చుట్టూ పచ్చిక, దూరంగా నీలి కొండలు. తల్లి బండ మీద కూర్చుని ఉంది, చేతిలో పుస్తకం. చదవడం ఆపి పిల్లల వైపు చూస్తోంది. ముఖం ప్రశాంతంగానే ఉంది. నవ్వు మాత్రం లేదు.

ఇది ఇటలీ చిత్రకారుడు రఫాయేల్ 1506 ప్రాంతంలో ఫ్లోరెన్స్ నగరంలో వేసిన పెయింటింగ్. లొరెంజో నాసి అనే వ్యాపారికి ఆయన పెళ్లి కానుకగా రఫాయేల్ ఇచ్చింది. ఇప్పుడు అదే ఊళ్లో ఉఫీజీ గ్యాలరీలో ఉంది. పెళ్లి కానుక అన్నాను కదా, ఆ మాట గుర్తుపెట్టుకోండి. ఎందుకంటే ఈ బొమ్మలో ఒక చావు ఉంది.

(పిట్ట తల దగ్గరకు జూమ్.)

ఈ పిట్ట పేరు గోల్డ్‌ఫించ్. ఇటలీలో కార్డెల్లినో అంటారు. కార్డో అంటే ఒక రకం ముళ్ల మొక్క. దాని గింజలే ఈ పిట్టకు తిండి. నిజం పిట్టను చూస్తే ముఖం చుట్టూ ఎర్రటి మచ్చ ఉంటుంది. ఆ ఎరుపు ఎలా వచ్చిందో చెప్పే కథ ఒకటి యూరప్ క్రైస్తవుల్లో ఉండేది. యేసు సిలువ మోసుకుంటూ వెళ్తున్నాడు, తల మీద ముండ్ల కిరీటం. ఈ పిట్ట ఎగురుకుంటూ వచ్చి ముక్కుతో ఒక ముల్లు పీకింది. అప్పుడు చిందిన రక్తపు చుక్క దాని ముఖం మీద పడి అలాగే ఉండిపోయింది.

అంటే ఆ పసివాడు, బాల యేసు, నిమురుతున్నది తన చావు కబురు తెచ్చిన పిట్టను.

అది ఇస్తున్నదెవరో కూడా చూడండి. బాప్తిస్మమిచ్చు యోహాను, యేసుకు బంధువు. పెద్దయ్యాక యేసును చూసి "దేవుని గొర్రెపిల్ల" అంటాడు. గొర్రెపిల్ల అంటే బలికి వెళ్లేది. ఇంకో చిన్న సంగతి, నాకు ఈ బొమ్మలో అన్నిటికన్నా ఇష్టమైనది: బాల యేసు పాదం తల్లి పాదం మీద ఉంది. పిల్లలు అలా అమ్మ కాలు తొక్కి నిలబడతారే, అలా. ఎన్ని అర్థాలు పెట్టినా రఫాయేల్ పసితనాన్ని మరిచిపోలేదు.

అసలు ఈ పిట్ట అప్పట్లో పిల్లల ఆటవస్తువు కూడా. కాలికి దారం కట్టి ఆడుకునేవారు. కాబట్టి చూసేవాళ్లకు ముందు ఆట కనిపిస్తుంది, ఆ తర్వాతే ముల్లు. హెర్బర్ట్ ఫ్రీడ్‌మన్ అనే అమెరికన్ పక్షి శాస్త్రవేత్త 1946లో లెక్క తీస్తే, గోల్డ్‌ఫించ్ ఉన్న భక్తి చిత్రాలు 486 తేలాయి. ఎక్కువ భాగం ఇటలీవే.

(చిత్రం మారుతుంది: గుండ్రటి చట్రంలో బొత్తిచెల్లి మరియ.)

ఇక్కడ దిగులు దాచలేదు. తల్లి కళ్లు వాలిపోయి ఉన్నాయి. ఇది ఫ్లోరెన్స్ చిత్రకారుడు బొత్తిచెల్లి 1487 ప్రాంతంలో వేసింది. తల్లీబిడ్డల చేతుల మధ్య పగిలిన దానిమ్మ పండు, లోపల ఎర్రటి గింజలు. దానిమ్మ ఒలిచేటప్పుడు రసం చొక్కా మీద పడితే ఎలా ఉంటుందో మీకు తెలుసు, ఎంత ఉతికినా పోదు. ఆ ఎరుపే ఇక్కడ యేసు రక్తం.

కానీ మరియమ్మ కథ కన్నా ముందే దానిమ్మ ఇంకో తల్లి కథలో ఉంది. గ్రీకుల పంటల దేవత డిమీటర్. ఆమె కూతురు పెర్సెఫొనీని పాతాళపు రాజు ఎత్తుకుపోయాడు. తల్లి ఏడుపుకి భూమి మీద పంట ఆగిపోయింది. చివరికి కూతుర్ని పంపడానికి ఒప్పుకున్నారు గానీ, ఆ పిల్ల అప్పటికే అక్కడ కొన్ని దానిమ్మ గింజలు తినేసింది. పాతాళంలో తిన్నవాళ్లు పూర్తిగా బయటపడలేరు. అందుకే ఏడాదిలో కొంతకాలం కిందకి వెళ్లాలి. ఆమె పైకి వచ్చినప్పుడల్లా వసంతం. చనిపోవడం, తిరిగి రావడం: ఈ రెండూ ఆ పండులో ముందే ఉన్నాయి. చిత్రకారులు దాన్ని తెచ్చి మరియమ్మ చేతిలో పెట్టారు. ఇదే బొత్తిచెల్లి వీనస్ దేవత పుట్టుకనూ వేశాడు. ఆ వీనస్ ముఖం, ఈ మరియ ముఖం పక్కపక్కన పెట్టి చూడండి, అక్కచెల్లెళ్లలా ఉంటారు.

మరి తల్లికి ఇదంతా తెలుసా? లూకా సువార్త రెండో అధ్యాయంలో ఉంది. పసిబిడ్డను దేవాలయానికి తీసుకెళ్తే సుమెయోను అనే భక్తుడు ఎత్తుకుని దీవిస్తాడు. తర్వాత తల్లి వైపు తిరిగి, నీ హృదయంలోకి కూడా ఒక ఖడ్గం దూసుకుపోతుంది అంటాడు. ఒళ్లో చంటిబిడ్డ ఉండగా వినాల్సిన మాట కాదు అది. ఆ మాట విన్న తల్లినే ఈ చిత్రకారులందరూ వేశారు.

(జొవాన్ని బెల్లీని చిత్రం, లండన్ నేషనల్ గ్యాలరీ.)

దీన్ని వెనిస్ చిత్రకారుడు బెల్లీని 1500 తర్వాత కొద్ది ఏళ్లలో వేశాడు. పిట్ట లేదు, పండు లేదు. బిడ్డ తల్లి ఒళ్లో అడ్డంగా పడి నిద్రపోతున్నాడు, అంతే. సిలువ నుంచి దించిన కొడుకును ఒళ్లో పెట్టుకున్న మరియమ్మను ఇదే తీరులో వేస్తారు, చెక్కుతారు. వెనక మోడు చెట్టు మీద నల్లటి పక్షి కూర్చుంది.

(చివరి చిత్రం: గిర్లాందాయో, జ్ఞానుల ఆరాధన.)

మళ్లీ ఫ్లోరెన్స్. ఇది గిర్లాందాయో అనే చిత్రకారుడిది. ఈ చిత్రానికి అగ్రిమెంట్ దొరికింది, తేదీ 1485 అక్టోబర్ 23. మొత్తం 115 ఫ్లోరిన్లు, అంటే అప్పటి ఫ్లోరెన్స్ బంగారు నాణేలు. నీలం రంగు మాత్రం ఔన్సు నాలుగు ఫ్లోరిన్ల అల్ట్రామెరీనే వాడాలని రాసుకున్నారు. ఆ రంగును లాపిస్ లాజులి రాయి నూరి తీస్తారు. రాయి వచ్చేది అఫ్గానిస్థాన్‌లోని బదఖ్షాన్ గనుల నుంచి. మరియమ్మ పైవస్త్రం నీలంగా ఉండటంలో భక్తి ఎంతో ఖర్చూ అంతే.

తూర్పు నుంచి వచ్చిన జ్ఞానులు బిడ్డను ఆరాధిస్తున్నారు. బంగారం, సాంబ్రాణి, బోళం తెచ్చారు. బోళం శవానికి పూసే సుగంధం. దాన్ని పుట్టిన బిడ్డకు కానుకగా తెచ్చారు.

ఇప్పుడు కింద ముందు వరుస చూడండి. తెల్ల బట్టల్లో ఇద్దరు పసిపిల్లలు మోకాళ్ల మీద ఉన్నారు. ఒంటి మీద గాయాలు. వెనక దూరంగా సైనికులు తల్లుల చేతుల్లోంచి బిడ్డల్ని లాగి చంపుతున్నారు. పుట్టిన యేసును చంపాలని హేరోదు రాజు బేత్లెహేములో చంపించిన పిల్లలు వీళ్లు. ఇంత సంతోషమైన చిత్రంలో వాళ్లెందుకంటే, ఇది వేసింది ఒక అనాథాశ్రమం కోసం. పేరు ఇన్నొచెంతి, అంటే ఆ చనిపోయిన అమాయక పిల్లలే. 1445 నుంచి ఫ్లోరెన్స్‌లో తల్లులు పెంచుకోలేని బిడ్డల్ని అక్కడ వదిలి వెళ్లేవారు. రోజూ ప్రార్థనలో ఆ పిల్లల కళ్ల ముందు ఉన్న చిత్రం ఇది: ఎవరికీ అక్కర్లేని పసివాళ్లు దేవుడికి అందరికన్నా దగ్గరగా, రాజుల కన్నా ముందు వరుసలో.

ఆ భవనం ఇప్పుడు మ్యూజియం. చిత్రం అక్కడే ఉంది. అదే మ్యూజియంలో చిన్న చిన్న సొరుగులు ఉన్నాయి. లాగి చూస్తే లోపల పతకాలు, పూసలు, సగానికి విరిచిన నాణేలు. బిడ్డను వదిలేటప్పుడు తల్లి ఒక సగం బట్టలో పెట్టి, రెండో సగం తన దగ్గర ఉంచుకునేది, ఎప్పటికైనా వచ్చి రెండూ కలిపి చూపిస్తే నా బిడ్డే అని గుర్తుపడతారని. పాత గ్రీకులో సింబోలన్ అంటే ఇలా విరిచి చెరిసగం దాచుకున్న గుర్తే. సింబల్ అన్న మాట అక్కడి నుంచే వచ్చింది.

(సొరుగులో సగం పతకం. శబ్దం లేదు. పది సెకన్లు.)