పడ్డ 450 హెలికాప్టర్‌ను విప్పి చూద్దాం: రిపేరు రివ్యూ

అందరికీ నమస్కారం, నెల్లూరు నుంచి. ఇవాళ కొత్త బాక్సు ఓపెన్ చేయడం లేదు. టేబుల్ మీద ఉన్నది 450 క్లాస్ (సైజు పేరు) ఆర్సీ, అంటే రిమోట్‌తో ఎగిరే హెలికాప్టర్, తోక రోటర్‌ను (వెనక చిన్న ఫ్యాన్‌ను) బెల్ట్ తిప్పే రకం. అలైన్ కంపెనీ టీరెక్స్ 450 మోడల్ కొలతలకు తయారైన కాపీ కిట్. మనకు తెలిసిన తమ్ముడొకడు కోవూరు పక్కన కోత అయిపోయిన మడిలో ఎగరేస్తుంటే పక్కకు వాలి పడింది. బ్లేడ్లు రెండూ పోయాయి, తోక బూమ్ (వెనక గొట్టం) వంగింది. లోపల ఇంకేం పోయాయో చూద్దాం. గాల్లో పల్టీలు కొట్టించే రివ్యూలు బోలెడున్నాయి కానీ, కొనేవాడికి ముందు తెలియాల్సింది ఇది పడ్డాక మళ్ళీ ఎంత తేలిగ్గా లేస్తుందనేదే.

స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు ఒక మాట. సర్వోలు (బ్లేడ్ల కోణం మార్చే చిన్న మోటార్లు) చూడటానికి బ్యాటరీ పెట్టాలంటే, రోటర్‌ను తిప్పే పెద్ద మోటారు మూడు వైర్లలో రెండు ఊడదీయండి. దీని రోటర్ నిమిషానికి 2500 చుట్లు తిరిగితే బ్లేడు కొస వేగం గంటకు 300 కిలోమీటర్లు దాటుతుంది. ఇంట్లో, పిల్లల ముందు, బ్లేడ్లు పెట్టి టెస్ట్ చేయడం అసలు వద్దు.

ఇక హెడ్, అంటే పైన బ్లేడ్లు ఉండే భాగం విప్పుదాం. రెండు బ్లేడ్ గ్రిప్పుల (బ్లేడ్లను పట్టుకునే పిడుల) మధ్య అడ్డంగా వెళ్ళేది ఫెదరింగ్ షాఫ్ట్. బ్లేడు నేలకు తగిలిందంటే ముందు వంగేది ఇదే. పైకి చూస్తే తెలియదు. బయటికి తీసి అద్దం మీద దొర్లించండి. ఇదిగో, ఎగిరెగిరి పడుతోంది చూశారా? వంగింది. దీన్ని సుత్తితో సరిచేయాలని చూడకండి, మార్చేయండి. ధర తక్కువే, రెండు మూడు స్పేర్ పెట్టుకోవాలి.

గ్రిప్ లోపల థ్రస్ట్ బేరింగ్ ఉంటుంది. కెమెరా దగ్గరికి తెస్తాను, జాగ్రత్తగా చూడండి. ఒక్కో బ్లేడు సుమారు 30 గ్రాములే. కానీ ఆ వేగంలో తిరిగేటప్పుడు గ్రిప్‌ను బయటికి 40 కేజీల బరువు వేలాడినంత బలంగా లాగుతుంది. ఆ లాగుడంతా ఈ బుల్లి బేరింగ్ మోయాలి. దీనికి రెండు వాషర్లు, మధ్యలో గోళీల కేజ్. వాషర్లు రెండూ ఒకేలా కనిపిస్తాయి గానీ ఒకదాని రంధ్రం కాస్త పెద్దది. పెద్ద రంధ్రం ఉన్నది లోపలికి, హెడ్ వైపు రావాలి. చిన్నది బయటికి, బోల్టు వైపు. తిరగేసి పెడితే సర్వోలకు పని పెరుగుతుంది, పిచ్ (బ్లేడు కోణం) బిర్రుగా కదులుతుంది, బేరింగ్ తొందరగా పోతుంది. ఈ హెలికాప్టర్‌లో ఒక వైపు తిరగేసే ఉంది! పడటానికి ఇదే కారణమని చెప్పలేను కానీ, సెకండ్ హ్యాండ్ కొన్నవాళ్ళు ముందు ఇక్కడే విప్పి చూడాలి. పెట్టేటప్పుడు గ్రీజు నిండుగా పెట్టండి.

కిందికి వస్తే మెయిన్ షాఫ్ట్, 5 ఎం.ఎం. లావు. మన ఆటోనగర్‌లో లేత్ మిషన్ మీద చేయించుకుంటే పోలా అని చాలామంది అడుగుతుంటారు. కొలత బాగానే వస్తుంది. కానీ మామూలు ఇనుప కడ్డీతో చేస్తే మొదటి దెబ్బకే వంగుతుంది. గట్టిపరిచిన స్టీలు కావాలి, కొనడమే మేలు. హెడ్‌ను షాఫ్ట్‌కు పట్టి ఉంచే ఆ ఒక్క బోల్టు కూడా అంతే, హార్డ్‌వేర్ షాపు బోల్టు పెట్టొద్దు. అది తెగితే రోటర్ ఒక దారి, హెలికాప్టర్ ఒక దారి.

లోహంలోకి లోహం బిగించే ప్రతి స్క్రూకూ నీలం రంగు థ్రెడ్‌లాక్ (స్క్రూ వదులు కాకుండా పట్టే జిగురు) ఒక చుక్క. ముందు నూనె పోయేలా ఐసోప్రోపిల్ ఆల్కహాల్‌తో తుడవండి. ఎర్రది వాడారో, మళ్ళీ విప్పాలంటే ఏడుపే. ప్లాస్టిక్‌కు మాత్రం ఏదీ తగలనివ్వకండి, పగుళ్ళిస్తుంది.

గేర్ మెష్‌కు, అంటే రెండు గేర్ల పళ్ళ మధ్య సందు కుదరడానికి, సన్న కాగితం ముక్క చాలు. పినియన్‌కూ (మోటారు మీది చిన్న గేరు) మెయిన్ గేరుకూ మధ్య పెట్టి మోటారు బిగించి, కాగితం లాగేయండి. తర్వాత గేరును చేత్తో పూర్తిగా ఒక చుట్టు తిప్పండి. ఎక్కడైనా బిగుతుగా తగిలితే గేరు వంకర పోయినట్టు. సర్వోల సంగతి సులువు: పవర్ తీసి సర్వో ఆర్మ్‌ను మెల్లగా కదపండి, మధ్యలో జారితే లోపలి గేరు పన్ను విరిగినట్టు. బెల్ట్ తీసే ముందు అది తిరిగే దిక్కు మార్కర్‌తో గీసుకోండి. మెలిక తప్పితే తోక రోటర్ ఎదురు తిరుగుతుంది, తోకను ఆపడం ఎవరివల్లా కాదు.

మన జిల్లాల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మైపాడు బీచ్‌లోనో, ఒంగోలు వాళ్ళయితే కొత్తపట్నంలోనో ఎగరేయడం బాగుంటుంది, జనం లేని చోటు చూసుకుంటే చాలు. కానీ ఉప్పు గాలి ఈ చిన్న బేరింగులను ఊరికే వదలదు. ఇంటికొచ్చిన రోజే తడి గుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, సిలికా జెల్ ప్యాకెట్లు వేసిన మూత డబ్బాలో పెట్టండి. చేత్తో తిప్పితే గరగరమనే బేరింగ్‌ను స్ప్రే కొట్టి బతికించాలని చూడకండి. ఆ స్ప్రే లోపలున్న గ్రీజును కడిగేస్తుంది. చీమకుర్తి వైపు ఉప్పుకు బదులు గ్రానైట్ దుమ్ము, అక్కడ బయట భాగాలకు నూనె ఎంత తక్కువ పూస్తే అంత మంచిది, నూనె ఉన్నచోటే దుమ్ము అంటుకుంటుంది.

లైపో బ్యాటరీని రోహిణి కార్తె ఎండలో కారులో వదిలేయకండి. వారం ఎగరేయకపోతే బ్యాటరీలోని ఒక్కో సెల్లుకు 3.8 వోల్టుల దగ్గర ఉంచండి. ఉబ్బితే మళ్ళీ వాడొద్దు.

అన్నీ బిగించాక మొదటిసారి తిప్పేటప్పుడు 10 మీటర్లు వెనక్కి వెళ్ళండి. బ్లేడు కొసలకు రెండు రంగుల టేప్ అంటిస్తే ఏది పైన తిరుగుతోందో తెలుస్తుంది, దాని లింక్‌ను (ఆ బ్లేడు కోణాన్ని మార్చే చిన్న కడ్డీని) అర చుట్టు సర్దండి. చోటు ఎంచుకునే ముందు ప్రభుత్వ డ్రోన్ మ్యాప్ అయిన డిజిటల్ స్కైలో అది గ్రీన్ జోనో (ముందస్తు అనుమతి అక్కర్లేని చోటో) కాదో చూసుకోండి.

నా తీర్పు: ఎగరడం నేర్చుకోవాలనుకునేవాడికి ఇది వద్దు. అతనికి చిన్న మైక్రో హెలికాప్టరూ, కంప్యూటర్‌లో సిమ్యులేటరూ సరిపోతాయి. విప్పి బిగించడం ఇష్టమున్నవాడికి మాత్రం ఇది మంచి కొనుగోలు, ఎందుకంటే టీరెక్స్ విడిభాగాలు చాలావరకు దీనికి సరిపోతాయి. కాపీ కిట్ బేరింగులను మాత్రం నమ్మొద్దు. కొన్నరోజే కొత్త బేరింగుల సెట్ ధర కూడా కలిపి లెక్కేసుకుని, ఆ తర్వాత బేరమాడండి.