ఫ్లోరిడా బీచ్‌లో ఫ్లై ఫిషింగ్: ముందుగా కాళ్ల దగ్గర చూడండి

నమస్తే అండి. ఫ్లోరిడాలో కాప్టీవా ద్వీపంలో ఉన్నాం. టైమ్ ఎనిమిదిన్నర. పిల్లలు లేచి, టిఫిన్ చేసి బీచ్‌కి వచ్చేసరికి పది అవుతుంది. ఈలోపు మనం ఫ్లై ఫిషింగ్‌కి, అంటే ఈకలు, దారాలతో కట్టిన ఉత్తుత్తి ఎరతో (దాన్నే ఫ్లై అంటారు) చేపలు పట్టడానికి, ఒక రౌండ్ వేసి రావచ్చు. బోటు అక్కర్లేదు, గైడూ అక్కర్లేదు.

మనం వెతికేది స్నూక్ అనే చేప. మన పండుగప్పకి చుట్టమే. కింది దవడ ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది, ఒంటి పక్కన తోక దాకా ఒక నల్ల గీత ఉంటుంది. వేసవిలో గుడ్లు పెట్టే కాలానికి ఈ గల్ఫ్ ఆఫ్ మెక్సికో తీరానికి చేరతాయి.

మరి ఎక్కడ తిరుగుతాయి? బావా, కెమెరా కొంచెం కిందికి దించు. అల విరిగే చోట ఇసుక కోసుకుపోయి పంటకాలువలా పడింది, చూశారా? అక్కడ నీళ్ల రంగు కాస్త ముదురుగా ఉంది. అదే వాటి దారి. ఒడ్డు నుంచి నాలుగైదు అడుగులు, అంతే. చాలామంది వచ్చీ రాగానే నడుంలోతు నీళ్లలోకి దిగి దూరంగా విసురుతారు. ఆ దిగడంలోనే చేపలన్నీ బెదిరిపోతాయి. పొడి ఇసుక మీద నిదానంగా నడవండి. దిగాల్సి వస్తే పాదం ఎత్తకుండా ఈడ్చుకుంటూ వెళ్లండి. స్టింగ్‌రేలు అనే చదును చేపలు ఇసుక కప్పుకుని పడుకుంటాయి. అలికిడికి అవే తప్పుకుంటాయి, తొక్కితే మాత్రం తోకముల్లు దిగుతుంది.

సామాను సంగతి తొందరగా చెప్పేస్తాను. తొమ్మిది అడుగుల 8 వెయిట్ రాడ్ (గాలం కర్ర; 8 అనేది దానికి సరిపోయే లైన్ సైజు), నీళ్ల మీద తేలే ఫ్లోటింగ్ లైన్. లైన్‌కీ ఫ్లైకీ మధ్య ఉండే సన్న దారం లీడర్, దాని చివర 30 పౌండ్ల బరువు ఆపే ఫ్లోరోకార్బన్ దారం ఒకటిన్నర అడుగు కట్టండి, ఎందుకంటే స్నూక్ మొప్పరేకు అంచు దారాన్ని తెగ్గోస్తుంది. ఫ్లై పేరు ష్మిన్నో. పక్కనే ఉన్న శానిబెల్ ద్వీపంలో ఫ్లై షాపు నడిపిన నార్మ్ జీగ్లర్ తయారుచేశారు. దగ్గరగా చూపిస్తా, చూడండి: తెల్లటి మెత్తని ఈకల తోక, మెరిసే ఒళ్లు, రెండు నల్ల కళ్లు. రొయ్య అనుకుంటుందో చిన్న చేప అనుకుంటుందో స్నూక్ ఇష్టం.

ఇప్పుడు అసలు పని. నీళ్ల మీద మెరుపు తగ్గించే పోలరైజ్డ్ కళ్లద్దాలు లేకపోతే ఇదంతా దండగ. ఎండ మన వీపు మీద పడేలా నిలబడండి. స్నూక్ ఒళ్లు ఇసుకలో కలిసిపోతుంది, ముందు కనబడేది కింద కదిలే నీడ. కనబడగానే టెన్షన్‌తో దాని నెత్తిన వేయకండి. అది వెళ్తున్న దారిలో ఐదారు అడుగుల ముందు వేసి, దగ్గరికి రానివ్వండి. అప్పుడు లైన్ చిన్న చిన్నగా లాగండి. ఫ్లై దాన్నుంచి పారిపోతున్నట్టు ఉండాలి. ఎదురొచ్చే ఎరని ఏ చేపా నమ్మదు.

చేప ఫ్లైని పట్టగానే చాలామంది రాడ్ పైకి ఎత్తేస్తారు. ట్రౌట్ చేపలు పట్టి అలవాటైనవాళ్లు మరీను. రాడ్ కొస నీళ్ల వైపే ఉంచి, ఎడమ చేత్తో లైన్ గట్టిగా వెనక్కి లాగండి. ఇంకోటి, విసిరే ప్రతిసారీ వెనక్కి చూడండి. ఇది బీచ్, గవ్వలు ఏరుకునేవాళ్లు ఎప్పుడు వెనక నుంచి వస్తారో తెలియదు. మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలైతే నీళ్లు కలగిపోతాయి, ఇక మానేయడమే మేలు.

లైసెన్స్ తప్పనిసరి. ఒడ్డు నుంచి పట్టేవాళ్లకి ఫ్రీ అని ఎవరైనా చెప్తే, అది ఫ్లోరిడా వాసులకే. బయటి రాష్ట్రాల వాళ్లకి 3 రోజులకి 17 డాలర్లు, 7 రోజులకి 30. పదహారేళ్ల లోపు పిల్లలకి అక్కర్లేదు. గుడ్లు పెట్టే ఈ కాలంలో ఇక్కడ స్నూక్‌ని ఉంచుకోకూడదు. కాబట్టి పులుసు ఆశలు వద్దు! గాలం కొన దగ్గర ఉండే ఎదురుముల్లుని ముందే నొక్కేయండి, చెయ్యి తడుపుకుని పట్టుకోండి, ఇసుక మీదకి ఈడ్వకుండా నీళ్లలోనే వదిలేయండి. కర్రలు పాతి టేపు కట్టిన చోట తాబేళ్ల గుడ్లు ఉంటాయి, అటు పోకండి.

గదికి వెళ్లగానే రాడ్, రీల్, లైన్ మంచినీళ్లతో కడగండి. వాడిన ఫ్లై కూడా. ఉప్పుతోనే డబ్బాలో పెడితే పక్కనున్న ఫ్లైలన్నిటికీ తుప్పు పడుతుంది.