చూపు వచ్చిన రోజున మెదడుకు ఏం తెలుసు?

అందరికీ నమస్కారం. ఈ పూట పవన్ సిన్హా చేసిన పని గురించి మాట్లాడతాను. ఐఐటీ ఢిల్లీలో చదివి, ఇప్పుడు అమెరికాలో ఎంఐటీలో ప్రొఫెసర్‌గా ఉన్నారు. కంట్లో పడ్డ వెలుతురు మెదడుకి వస్తువుగా, మొహంగా ఎలా మారుతుంది అన్నది ఆయన ప్రశ్న.

ఈ ప్రశ్న పాతదే. 1688లో డబ్లిన్‌కు చెందిన విలియం మాలినో తత్వవేత్త జాన్ లాక్‌కు ఒక ఉత్తరం రాశాడు. పుట్టుకతో చూపు లేని మనిషి గోళాన్నీ ఘనాన్నీ తడిమి ఏది ఏదో చెప్పగలడు కదా, అతనికి ఉన్నట్టుండి చూపు వస్తే ముట్టుకోకుండా చూసి చెప్పగలడా అని. (మాలినో భార్యకు చూపు పోయింది, కాబట్టి ఇది ఊసుపోక అడిగింది కాదనుకుంటాను.) చెప్పలేడన్నాడు లాక్. తర్వాత మూడు వందల ఏళ్లు పెద్ద పెద్ద వాళ్లందరూ వాదించుకున్నారు గానీ పద్ధతిగా పరీక్ష పెట్టడం కుదరలేదు, ఎందుకంటే అలాంటి మనుషులు దొరకాలి, పైగా వాళ్లకు ఆపరేషన్ అయిన వెంటనే పరీక్ష జరగాలి.

ఇంకో అడ్డంకి కూడా ఉంది. హ్యూబెల్, వీజెల్ అనే శాస్త్రవేత్తలు 1960ల్లో పిల్లికూనల కన్ను ఒకటి మొదటి నెలల్లో మూసి ఉంచితే, తర్వాత తెరిచినా మెదడులో చూపుకి సంబంధించిన కణాలు ఆ కంటికి దాదాపు స్పందించవని చూపించారు. 1981లో వాళ్లకు నోబెల్ వచ్చింది. దాంతో చిన్నతనం దాటిన పిల్లలకు ఆపరేషన్ చేసి లాభం లేదన్న అభిప్రాయం బలపడింది. అది సగమే నిజం. పుట్టుకతో శుక్లాలు ఉండి, ఏళ్ల తరబడి వైద్యం అందని పిల్లలు మన దేశంలో ఉన్నారు. వాళ్లకు వైద్యం, దాంతోపాటు పరిశోధన అని సిన్హా ప్రాజెక్ట్ ప్రకాశ్ మొదలుపెట్టారు. ఢిల్లీలోని ష్రాఫ్ ఆసుపత్రిలో ఆపరేషన్లు జరిగాయి. పిల్లల చూపు పూర్తిగా మనలా కాలేదు, మసక కొంత మిగిలింది, అయినా చాలా నేర్చుకున్నారు.

మాలినో ప్రశ్నకు జవాబు 2011లో వచ్చింది. ఈ ప్రాజెక్టులో ఆపరేషన్ అయిన ఐదుగురు పిల్లలు, 8 నుంచి 17 ఏళ్ల వాళ్లు. చూసిన బొమ్మను మళ్లీ చూసి గుర్తుపట్టారు, తడిమినదాన్ని మళ్లీ తడిమి గుర్తుపట్టారు. తడిమినదాన్ని చూసి గుర్తుపట్టమంటే మాత్రం దాదాపు బొమ్మా బొరుసా వేసినట్టే. అంటే లాక్ గెలిచాడు! కానీ కొద్ది రోజుల్లోనే, ఎవరూ ప్రత్యేకంగా నేర్పకుండానే, అదే పిల్లల్లో కొందరు బాగా చెప్పడం మొదలుపెట్టారు. నాకు ఈ రెండో భాగమే ముఖ్యం.

ఇంతవరకూ విని అంతా నేర్చుకోవడమే అనుకుంటారేమో, ఆగండి. పైకి పోయేకొద్దీ దగ్గరపడుతున్న రెండు గీతల మధ్య సమానమైన అడ్డగీతలు పెడితే పైది పొడుగ్గా కనిపిస్తుంది, చూసే ఉంటారు. దూరాలు చూసి చూసి అలవాటైన కళ్లు మోసపోతున్నాయని మామూలుగా చెప్పే వివరణ. 2015లో చూపు అప్పుడే వచ్చిన తొమ్మిది మంది పిల్లలకు ఇది చూపిస్తే వాళ్లూ మోసపోయారు, ఏ అలవాటూ లేకుండానే. ఆ వివరణకు అక్కడే పెద్ద దెబ్బ తగిలింది.

వస్తువులను విడదీయడం మళ్లీ వేరే కథ. ఒకదాని మీద ఒకటి పడ్డ వృత్తాన్నీ చతురస్రాన్నీ చూపిస్తే, కొత్తగా చూపు వచ్చినవాళ్లు రెండు అనలేదు, కలిసిన భాగాన్ని కూడా విడి ముక్కగా లెక్కపెట్టారు. అవే ఆకారాలను కదిలించగానే సరిగ్గా చెప్పేశారు. కలిసి కదిలేవి ఒకే వస్తువు అన్న సూచన మెదడుకి మొదటి నుంచీ పనికొస్తోందన్నమాట. నెలలు గడిచాక కదలని బొమ్మల్లోనూ విడదీయగలిగారు.

మొహాలు మాత్రం చాలామందికి కష్టంగానే ఉండిపోయాయి. దీనికి 2018లో సిన్హా బృందం ఒక చిత్రమైన కారణం ప్రతిపాదించింది. పుట్టిన బిడ్డకు అంతా మసకే, అందుకని మొహాన్ని ముక్కలుగా కాక మొత్తంగా చూడక తప్పదు. ఆలస్యంగా ఆపరేషన్ అయిన పిల్లలకు ఆ దశ లేదు, మొదటి నుంచే అంతకంటే స్పష్టమైన బొమ్మ వస్తుంది. మెదడు కణాల అల్లికను అనుకరించే కంప్యూటర్ ప్రోగ్రామ్‌కి (న్యూరల్ నెట్‌వర్క్ అంటారు) ముందు మసక మొహాలు, తర్వాత స్పష్టమైనవి చూపించి నేర్పితే మసక మొహాలు కూడా మెరుగ్గా గుర్తుపట్టిందట. నెట్‌వర్క్ మెదడు కాదు, కాబట్టి నేను దీన్ని ఇంకా పూర్తిగా ఒప్పుకోను. ఒప్పుకునేవాళ్లు ఇక్కడ ఉంటే మైకు అందుకోండి, వాదిద్దాం.