ఆప్షన్ల జాబితాలో మొదటి పేరు

పెద్దలకు, హౌస్‌సర్జన్ మిత్రులకు నమస్కారం.

1923లో మొదలైన మన విశాఖ ఆంధ్ర వైద్య కళాశాలలో చదివి, దాని బోధనాసుపత్రి కేజీహెచ్ వార్డుల్లో చెయ్యి తిరిగిన మీలో చాలామంది త్వరలో పీజీ కౌన్సెలింగ్‌కు వెబ్ ఆప్షన్లు పెట్టబోతున్నారు. కొందరు అమెరికా రెసిడెన్సీ, అంటే అక్కడి స్పెషలిస్టు శిక్షణ వైపు చూస్తున్నారు. ఎటు వెళ్లేవారిలోనైనా నన్ను బాధపెట్టే పొరపాటు ఒకటే: కోరుకున్న సీటును వదిలి, వస్తుందనుకున్న సీటును జాబితాలో పైన రాయడం.

మన దగ్గర ర్యాంకు ప్రకారం మీ వంతు రాగానే కంప్యూటరు మీ జాబితాను పైనుంచి చూసుకుంటూ వచ్చి, మిగిలి ఉన్న సీట్లలో మొదట కనిపించినదాన్ని మీకు కేటాయిస్తుంది. అందదనుకున్న సీటును పైన రాసినందువల్ల కిందిది చేజారదు. అయితే చేరే ఉద్దేశం లేని కళాశాలను మాత్రం రాయకండి. మలివిడతల్లో సీటు వచ్చి చేరకపోతే డిపాజిట్టు పోతుంది.

అమెరికాలో అభ్యర్థులు, ఆసుపత్రులు ఇచ్చే ఇష్టాల జాబితాలను జతచేసి రెసిడెన్సీ సీట్లు కేటాయించే పద్ధతి పేరు మ్యాచ్. 1952 నుంచి నడుస్తున్న ఆ మ్యాచ్‌లోనూ, 1998 నుంచి అభ్యర్థి ఇష్టంతోనే లెక్క మొదలవుతోంది. ఆ మార్పులో ముఖ్యపాత్ర వహించిన ఆల్విన్ రాత్, 2012లో లాయిడ్ షాప్లీతో కలిసి అర్థశాస్త్ర నోబెల్ అందుకున్నారు. అక్కడ అవకాశాలను బేరీజు వేయవలసింది ఇంటర్వ్యూలకు ముందు, ‘మీ దగ్గర చేరాలని ఉంది’ అని తెలిపేందుకు పరిమితంగా ఇచ్చే సిగ్నళ్లను ఏ ప్రోగ్రాములకు పంపాలో తేల్చుకునేటప్పుడు. ఇంటర్వ్యూలు ముగిశాక రాసే ర్యాంకుల జాబితాలో మనసులోని వరసే ఉండాలి.

మరి మనసుకు ఆ వరస ఎలా తెలుస్తుంది? నిరుటి కటాఫ్ ర్యాంకులు గిరాకీని చెబుతాయి, శిక్షణను చెప్పవు. నేను సర్జరీలో చేరబోయే ముందు ఒక కళాశాలకు పట్టపగలు వెళ్లి, కొత్త భవనాన్ని, గ్రంథాలయాన్ని చూసి మురిసిపోయాను. చేరిన ఏడాదికి, చేసిన ఆపరేషన్లను నమోదు చేసుకునే నా లాగ్‌బుక్కులో ‘సహాయకుడిగా’ అన్న గడి పేజీల కొద్దీ నిండింది. ‘స్వయంగా’ అన్న గడిలో హెర్నియాలు రెండే ఉన్నాయి. ముందే ఒక సీనియరు లాగ్‌బుక్కు అడిగి చూసి ఉంటే నా జాబితా వేరుగా ఉండేది.

అందుకే అడుగుతున్నాను. కాకినాడ వైద్య కళాశాల మనకు ఎంతో దూరం కాదు, శ్రీకాకుళం కళాశాల ఇంకా దగ్గర. రాత్రి తొమ్మిది దాటాక వెళ్లండి. క్యాజువాలిటీలో కేసుషీటు రాస్తున్న రెండో ఏడాది పీజీకి తీరిక దొరికేదాకా ఆగి, కత్తి ఎవరి చేతిలో ఉంటుందో, రాత్రిపూట అసిస్టెంట్ ప్రొఫెసర్ వస్తారో రారో, థీసిస్ గైడ్ ఎన్నాళ్లకొకసారి కూర్చోబెట్టి మాట్లాడతారో అడగండి. లాగ్‌బుక్కు చూపించమనండి.